దారి వేయువారి చదువు

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపు పాఠము)



కార్యదర్శిగారు కొన్ని వారముల క్రిందట నన్ను పిలిచి, "ఈ సారి మీరొక మంచి విషయముపై ప్రసంగింపవలెను" అని కోరినారు. మంచి విషయమనగా వారి యుద్దేశము ప్రబంధ కవిత్వమో, శతక వాఙ్మయమో అయి యుండవచ్చును. నేను "రోడ్డు పనివారి శిక్షణ, యోగ్యతలు" అని చెప్పగా వారు క్షణకాలము మౌనము వహించి, "కొంచెము క్లుప్తముగా ముగింతురు గదా" అని మాత్రము అన్నారు. వారి సహనమునకు నేను కృతజ్ఞుడను.

నేను ఇంజనీరును గాను. చరిత్ర ముఖ్యాంశముగా బి.ఏ. చదివినవాడను. లెవెలు యంత్రమును కంటితో చూచితినే గాని చేతితో పట్టలేదు. ఇరువది సంవత్సరములుగా నేను చేయుచున్న పని ఫైళ్ళపై నోట్లు వ్రాయుట. అయినను ఈ విషయమును ఎన్నుకొనుటకు నాకు రెండు కారణములున్నవి. ఒకటి, మన కాలనీలో కిందటి శీతకాలమున జరిగిన ప్రమాదము. రెండవది, చాల కాలము క్రిందట నేను వ్రాసిన ఒక నోటు. ఆ రెంటిని గురించి మీ ముందు చెప్పుకొనవలెనని వచ్చితిని. దానికి ముందు రోడ్డు పని యనగా ఏమో, అందులో చదువుకు చోటెక్కడ నున్నదో కొంత చెప్పుట అవసరము.

రోడ్డు పని యనగానే మనకు స్ఫురించునది పలుగు, పార, తట్ట. ఒంట్లో సత్తువ యున్న ఎవరైనను చేయగల పని యని మన తలంపు. ఈ తలంపు తప్పు. రోడ్డునకు శత్రువు బరువు కాదు, నీరు. నీరు నిలువకుండ రోడ్డు నడిమి భాగమును కొంచెము ఎత్తుగా నుంచి, రెండు ప్రక్కలకు వాలు ఇత్తురు. తారు రోడ్డునకు ఆ వాలు నూటికి సుమారు రెండు పాళ్ళు. చూచువారి కంటికి కానరానంత స్వల్పమైన ఈ వాలు తప్పినచో, మొదటి వానకు మడుగు, రెండవ వానకు గుంట, మూడవ వానకు మన స్కూటరు చక్రము వంకర!

అడుగున నున్న మట్టి సంగతి చూడుడు. పొడిమట్టిని ఎంత దిమ్మిసచేసినను గట్టిపడదు. తడి ఎక్కువైనచో బురద యగును. ఈ రెంటి నడుమ మట్టి మిక్కిలి గట్టిగా బిగియు తడిపాళ్ళు ఒకటి కలదు. 1933లో ప్రాక్టరను అమెరికను ఇంజనీరు దీనిని ప్రయోగశాలలో కొలుచు పద్ధతిని ప్రకటించెను. నేటికిని ఆ పరీక్ష ఆయన పేరిటనే జరుగుచున్నది. కాని పనిచోట అనుభవము గల కూలివాడు పిడికెడు మట్టి తీసి, నొక్కి, ఉండచేసి, వేలితో తట్టి చూచును. ఉండ కట్టకపోయినచో నీరు చాలలేదు. చేతికి అంటుకొన్నచో ఎక్కువైనది. రెండు మూడు ముక్కలుగా విరిగినచో రోలరును పిలువవచ్చును. ప్రాక్టరు కొలిచినదియు ఇతడు తట్టి చూచినదియు ఒకటే మట్టి.

ఇక తారు. సాధారణముగా వాడు ఒక రకపు తారును కంకరతో కలుపునప్పుడు వేడి 150 నుండి 165 డిగ్రీల వరకు ఉండవలెను. రోడ్డుపై పరచునప్పటికి 140కి తగ్గరాదు. 90 డిగ్రీలకు దిగకముందే రోలరు పని ముగియవలెను. ఢిల్లీలో జనవరి రాత్రి, చలిగాలి వీచుచుండగా, లారీపై టార్పాలిను సరిగా కప్పనిచో ఆ వేడి ఎంతసేపు నిలుచును? రోలరు అంచుననుండి నడిమికి రావలెను, నడిమినుండి అంచునకు పోరాదు. గంటకు అయిదు కిలోమీటర్లకు మించిన వేగముతో నడువరాదు. ఈ నియమములన్నియు అచ్చుపుస్తకములలో కలవు. కాని అర్ధరాత్రి రెండుగంటల వేళ పుస్తకము వ్రాసినవారు అచట నుండరు. టార్పాలిను కప్పువాడు, పార పట్టువాడు, రోలరు తోలువాడు మాత్రమే ఉందురు. కోట్ల రూపాయల పని యొక్క మంచిచెడ్డలు ఆ గంటలో వారి చేతులలో నున్నవి.

ఈ విద్యను మనవారు బడిలో నేర్వలేదు. వడ్డెర సోదరులను గురించి మీరెరుగుదురు. చెరువుకట్టలు పోయుట, బావులు త్రవ్వుట, రాయి కొట్టుట, బాటలు వేయుట వారికి తరతరముల విద్య. దక్షిణదేశమంతటను, మహారాష్ట్రములోను వ్యాపించి, ఎక్కడికి పోయినను ఇంటిలో తెలుగు మాటాడుకొనుచు వచ్చిన జాతి అది. రాతి పనివారు, మట్టి పనివారు అని వారిలో తెగలు. మట్టిపనివాడు గుంట త్రవ్వునప్పుడు కొలత కొరకు నడుమనడుమ మట్టిదిబ్బలను త్రవ్వక నిలుపును. ఓవర్సీరు వచ్చి ఆ దిబ్బ ఎత్తును కొలిచి లోతు లెక్కకట్టును. రాత్రికి రాత్రి ఆ దిబ్బ నెత్తిన జానెడు మట్టి పేర్చి, పైన పచ్చిక గూడ అంటించి కొలత పెంచు నేర్పరులుండిరట. దానిని కనిపెట్టు ఓవర్సీర్లును ఉండిరట! విద్య యున్నచోట కొంత చమత్కారము తప్పదు.

పాలమూరు కూలీల మాట మరియొకటి. మహబూబునగరు జిల్లాలో వానలు లేక, సేద్యము సాగక, గుంపు మేస్త్రీల వద్ద ముందుగా బయానా తీసుకొని, దేశమున ఆనకట్ట కట్టిన చోటికెల్ల, కాలువ త్రవ్విన చోటికెల్ల, రోడ్డు వేసిన చోటికెల్ల వారు తరలిపోయిరి. పాలమూరు లేబరు అనుమాట కాంట్రాక్టర్ల నోట దేశమంతట ఒక ముద్రవలె నిలిచినది. ఆ ముద్రకు పనితనము ఒక ప్రక్క, అప్పు మరియొక ప్రక్క. ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పనికి పోవువారి రక్షణకై 1979లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. ఆ చట్టము పుస్తకములో నున్నంత గట్టిగా పనిచోట ఉండలేదని మన శాఖలలో పనిచేయువారికి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చదువు సంగతి. ఇంజనీర్ల చదువు మన దేశములో మిక్కిలి ముందే మొదలైనది. మద్రాసు గిండీ కళాశాల 1794 నాటి సర్వే బడినుండి పెరిగినది. గంగా కాలువ పనికి మనుష్యులు కావలసి 1847లో రూర్కీలో కళాశాల పెట్టిరి. అచ్చట ఇంజనీర్లకు వేరు, ఓవర్సీర్లకు వేరు, దేశభాషలో చదువుకొను క్రింది తరగతి పనివారికి వేరు తరగతులుండెను. ఈ చివరి సంగతిని గుర్తుంచుకొనుడు. తిరిగి దీనిని ప్రస్తావింతును.

రోడ్లకై ప్రత్యేకముగా ఆలోచన ఈ శతాబ్దమునకు ముందటి శతాబ్దమున మొదలైనది. 1927లో జయకర్ గారి అధ్యక్షతన సంఘము నియమింపబడి మరుసటి యేట నివేదిక నిచ్చెను. దాని ఫలితముగా 1929లో కేంద్ర రోడ్డు నిధియు, 1934 డిసెంబరులో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసును ఏర్పడినవి. ఆ కాంగ్రెసు మొదటి సమావేశము ఈ ఢిల్లీ నగరమునందే జరిగినది. నేటికిని రోడ్డు పనుల ప్రమాణములు చాలవరకు వారు అచ్చువేసినవే. 1952లో మథురా రోడ్డున కేంద్ర రోడ్డు పరిశోధనాలయము తెరువబడినది. 1983లో హైవే ఇంజనీర్ల శిక్షణకై జాతీయ సంస్థ వెలసి, తరువాత నోయిడాకు మారి, నేడు హైవే ఇంజనీర్ల అకాడెమీ యను పేర నడుచుచున్నది. ఘజియాబాదులో కేంద్ర ప్రజాపనుల శాఖవారి అకాడెమీ కలదు. మనలో కొందరు అక్కడ తరగతులకు పోయి మధ్యాహ్న భోజనమును మెచ్చుకొనుచు తిరిగివచ్చినవారే.

చూడుడు, ఈ రాజధాని చుట్టుప్రక్కలనే ఇన్ని విద్యాలయములు. ఇవన్నియు పై మెట్టువారికి. క్రింది మెట్టు మాట యేమి? 1948 నాటి కనీస వేతనముల చట్టమున రోడ్లు వేయుట, మరమ్మతు చేయుట అను పని మొదటి పట్టికలోనే చేరినది. అనగా కూలి యెంత ఇయ్యవలెనను ప్రశ్న ప్రభుత్వమునకు మొదటనే తోచినది. పని ఎవరు నేర్పవలెనను ప్రశ్న తోచుటకు కాలము పట్టినది. 1950లో వృత్తి శిక్షణ పథకము, 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినవి, నిజమే. కాని ఐ.టి.ఐ.లో చేరుటకు బడిచదువు కావలెను. తట్ట మోయువానికి అదే లేదు. నిర్మాణపు పనివారికై ప్రత్యేకించిన సంస్థలు శతాబ్దము ముగియు దశలో గాని రాలేదు. 1996లో ఢిల్లీలో నిర్మాణ పరిశ్రమాభివృద్ధి మండలి, 1998లో మన హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడెమీ వెలసినవి. హైదరాబాదు సంస్థ తాపీపని, కడ్డీలు వంచుట, విద్యుత్ పని మొదలగు వృత్తులలో పల్లెటూరి యువకులకు తెలుగులోనే శిక్షణ నిచ్చి పేరు గాంచినది. ఇది మనము గర్వింపదగిన విషయము. తరువాత 2008లో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, 2013లో పది మెట్లతో యోగ్యతల పట్టిక, 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చినవి. ఈ చివరి పథకమున ఒక మంచి ఏర్పాటు కలదు. బడికి పోక పనిలోనే విద్య నేర్చినవానిని పరీక్షించి, అతనికున్న నేర్పునకు యోగ్యతాపత్రము ఇచ్చుట. రూర్కీ కళాశాలకును ఈ ఏర్పాటునకును నడుమ నూట అరువది యెనిమిది సంవత్సరములు!

సరిహద్దు రోడ్ల సంస్థను ఇక్కడ తలచుకొనుట న్యాయము. 1960లో ఏర్పడిన ఆ సంస్థలో రోలరు తోలువానికి, తవ్వుయంత్రము నడుపువానికి ఒక హోదా, ఒక వృత్తిపరీక్ష కలవు. పూనాలో శిక్షణ కేంద్రము కలదు. కాని అదే కొండలలో ఎండాకాలపు పనికై దూరప్రాంతములనుండి వచ్చు తాత్కాలిక కూలీలకు ఆ హోదా లేదు. ఒకే రోడ్డుపై ఒకడు పేరు గల పనివాడు, ఒకడు లెక్కలోని తలకాయ.

ఇప్పుడు నా నోటు సంగతి. చాల ఏండ్ల క్రిందట నేనొక కార్యాలయమున సెక్షను ఆఫీసరుగా నుంటిని. ఏ కార్యాలయమో చెప్పను. తప్పు కార్యాలయముది కాదు, నాది. దినకూలిపై పనిచేయు రోలరు డ్రైవర్లలో కొందరిని ఖాయము చేయవలెనని ప్రతిపాదన వచ్చెను. నియమావళిలో అవశ్య యోగ్యత అను గడి ఖాళీగా నుండెను. ఆ గడిని నింపవలసినవాడను నేను. తక్కిన ఉద్యోగములకు వ్రాసిన మాటనే చూచి, "పదవ తరగతి ఉత్తీర్ణత" అని వ్రాసితిని. ఆ రెండు మాటలు వ్రాయుటకు నాకు రెండు నిమిషములైన పట్టలేదు. పైవారు "సరే" అన్నారు. నోటు చక్కగా నున్నదని మెచ్చుకొన్నారు కూడ.

కొన్ని నెలలకు ఒక అర్జీ వచ్చినది. హిందీలో ఎవరిచేతనో వ్రాయించినది, క్రింద వేలిముద్ర. అర్జీదారుడు ఇరువదిరెండేండ్లుగా రోలరు తోలుచున్నాడు. చదువు లేనందున అతని పేరు జాబితాలో చేరలేదు. నియమము ప్రకారము వీలుపడదని జవాబు సిద్ధపరచితిని. జవాబు పోయిన వారమునకే అతడు గేటు వద్దకు వచ్చి నా కొరకు అడిగించెను. రిసెప్షనులో నా పేరు విని తెలుగువాడనని గుర్తించి, తెలుగులో పలుకరించెను. మనిషి పాలమూరువాడు. పదునాలుగేండ్ల వయసున గుంపుతో వచ్చినాడట.

"సారూ, పది చదవలేదని రాసిన్రంట. రోలరు ఏ బడికి పోయింది సారూ, నేను పోనీకి?"

నేను నవ్వితిని. అతడు నవ్వలేదు. మాట మార్చుటకై, "కంకర బిగిసినదని నీకు ఎట్లు తెలియును?" అని అడిగితిని. అతడు చేతితో చూపుచు చెప్పెను: "చక్రం ముందర కంకర పారుతుంటది సారూ. పారినంతసేపు బిగియనట్టు. ముందర రాయి మెదలకుంట నిలిచిందంటే ఇగ చాలు. అప్పుడింక నడిపితే రాయి పిండి అయితది."

అతనిని పంపి పైకి వచ్చితిని. ఆ సాయంకాలము మా గదిలో నున్న రోడ్డు పనుల ప్రమాణముల పుస్తకమును తీసి చూచితిని. రోలరు ముందు కంకర కదలుట మానువరకు ఒత్తవలెనని ఆ పుస్తకమున అచ్చువేసి యున్నది. ఆ ప్రమాణమును వ్రాసిన సంఘమునకు తెలిసిన సంగతియే నా గేటు వద్ద నిలుచున్న మనిషికి తెలిసినది. తెలియనివాడను, అతని యోగ్యతను నిర్ణయించిన నేను.

మరుసటి దినమే మరియొక నోటు పెట్టితిని. పదవ తరగతికి బదులు పదేండ్ల అనుభవమును, వృత్తిపరీక్షలో ఉత్తీర్ణతను అంగీకరింపవచ్చునని వ్రాసితిని. నిజము చెప్పవలెనన్న, పైవారెవ్వరును అడ్డుపడలేదు. కాని ఫైలు మూడు శాఖలు తిరిగి రావలెను గదా! సవరణ వచ్చునప్పటికి ఏడాదిన్నర గడచినది. కొందరికి మేలు జరిగినది. అతనికి మాత్రము వయోపరిమితి దాటిపోయినది. ఆ సంగతి చెప్పుటకు అతని కొరకు విచారింపగా, ఊరికి పోయినాడని తెలిసినది. మరల అతనిని నేను చూడలేదు.

ఇది విని మీలో కొందరు, "అయితే యోగ్యతలే వలదందురా?" అని అడుగవచ్చును. కాదు. మన కాలనీలోని ప్రమాదము నాకు అందుకు బదులు చెప్పినది. కేబులు వేయుటకై ఒక కాంట్రాక్టరు మనుష్యులు వీధి ప్రక్కన గోతి త్రవ్వి, సాయంకాలమునకు వెళ్ళిపోయిరి. పొగమంచు దిగినది. మన సభ్యులలో ఒకరి తండ్రిగారు పాలు తెచ్చుటకు పోవుచు అందులో పడి తుంటి ఎముక విరిగి నాలుగు నెలలు మంచమున నుండిరి. గోతి దగ్గర హెచ్చరిక బోర్డు లేక కాదు. బోర్డు కలదు, గోతి అంచుననే కలదు. దానిని చదువునంత దగ్గరకు పోయినవాడు అప్పటికే గోతిలో నుండును! బోర్డు ఎందుకో తెలియనివాడు దానిని ఎక్కడనో ఒకచోట నిలిపినాడు. వానికి ఎవరును చెప్పలేదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు పనిచోట్ల రాకపోకల ఏర్పాటును గురించి ప్రత్యేకముగా పుస్తకము అచ్చువేసినది. పనిచోటును నాలుగు భాగములుగా చేయుదురు: ముందుగా హెచ్చరించు భాగము, బండ్లను ప్రక్కకు మళ్ళించు భాగము, పని జరుగు భాగము, మరల దారిలో కలియు భాగము. హెచ్చరిక ఎల్లప్పుడును దూరముననే మొదలు కావలెను. ఇది గొప్ప శాస్త్రము కాదు, ఒక పూటలో నేర్పదగినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, ప్రమాణములు పాటింపక రోడ్డు వేసినందున మరణమో, అంగవైకల్యమో కలిగినచో బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరునకు, సలహాదారునకు లక్ష రూపాయల వరకు జరిమానా అని పెట్టిరి. జరిమానా ప్రమాదము తరువాతి మాట. నేర్పుట ప్రమాదమునకు ముందటి మాట.

బ్రిటనులో 1991లో చేసిన చట్టమొకటి ఇక్కడ చెప్పదగినది. నీటి గొట్టమునకో, గ్యాసునకో, టెలిఫోనుకో వీధి త్రవ్వు ప్రతిచోటను యోగ్యతాపత్రము గల పనివాడు ఒక్కడైనను పని జరుగునంతసేపు ఉండి తీరవలెను. అట్టి యోగ్యత గల పర్యవేక్షకుడును ఉండవలెను. ఆ కార్డు అయిదేండ్లకే చెల్లును. అందరికి యోగ్యత లేకున్నను ఒక్కనికి తప్పదు. ఆ ఒక్కడు తక్కినవారికి చెప్పును. మన మేస్త్రీ వ్యవస్థకు ఇది ఎంత చక్కగా అతుకునో గమనింపుడు. గుంపునకొక మేస్త్రీ మనకెట్లును కలడు. అతని చేతిలో నేడు బయానా చీటీ మాత్రమే యున్నది. యోగ్యతాపత్రము కూడ ఉండునట్లు చేయవలెను.

కావున యోగ్యత కావలెను. కాని అది పనికి సంబంధించిన యోగ్యత కావలెను. రోలరు తోలువానికి పదవ తరగతి అక్కరలేదు. కంకర ఎప్పుడు నిలుచునో తెలియవలెను. గోతి త్రవ్వువానికి ఇంగ్లీషు అక్కరలేదు. బోర్డు ఎక్కడ పెట్టవలెనో తెలియవలెను. ఒక పనివాని నేర్పును మనము కొలిచిన పిదప అతని కూలి పెరుగవలెను. కనీస వేతనములలో నైపుణ్యము లేనివారు, కొంత గలవారు, పూర్తిగా గలవారు అని తెగలున్నవి. యోగ్యతాపత్రము చేతికి వచ్చియు పాత కూలియే వచ్చినచో, అది పెట్టెలో దాచుకొను కాగితము మాత్రమే యగును. ఈ నాటి శిక్షణలలో కొన్ని ఈ దోషమునుండి తప్పించుకొనలేదని చెప్పక తప్పదు. ఒక దినము తరగతి, ఒక ఫొటో, ఒక టోపీ, అంతటితో ముగియును.

స్త్రీల మాట ఇంకను కష్టము. ఏ రోడ్డు పని చూచినను తట్ట మోయువారిలో స్త్రీలు కనబడుదురు. ఇరువదేండ్లు మోసినను తట్ట మోయుటయే. రోలరెక్కిన స్త్రీని నేను ఇంతవరకు చూడలేదు. కొంగున బిడ్డను కట్టుకొని పనిచేయు తల్లికి, తరగతికి రమ్మని పిలిచిన దినమున బిడ్డను ఎవరు చూతురు? 1969లో ఈ నగరమందే పనిచోట్ల పిల్లలకొరకు సంచార శిశుశాలలు ప్రారంభించినవారికి ఈ ప్రశ్న తోచినది. మన శిక్షణ పథకములు వ్రాయువారికి ఇంకను తోచవలసియున్నది.

పేరు నమోదు ఎంత ముఖ్యమో గూడ ఒక మాట. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టము క్రింద, పదునెనిమిది మొదలు అరువది యేండ్ల లోపువాడు, ఏడాదిలో తొంబది దినములు పనిచేసినచో సంక్షేమ మండలిలో పేరు వ్రాయించుకొనవచ్చునని నిర్ణయించిరి. ఆ చట్టమును, నేను ముందు చెప్పిన 1948, 1979 నాటి చట్టములును 2025 నవంబరు 21 నుండి అమలైన నాలుగు కార్మిక స్మృతులలో కలిసిపోయినవి. చట్టము పేరు మారినను అవసరము మారలేదు. ఈ నగరమున గాలి చెడినప్పుడు పనులు ఆపివేయుదురు. 2021 నవంబరులో అట్లు ఆపినప్పుడు ఢిల్లీ ప్రభుత్వము నమోదైన కార్మికులకు అయిదు వేల రూపాయల చొప్పున సహాయము ప్రకటించినది. నమోదు కానివానికి గాలియు చెడ్డదే, కూలియు లేదు, సహాయమును లేదు. దరఖాస్తు నింపుట చేతకాక ఎందరు మన తెలుగువారు అట్లు మిగిలిపోయిరో!

సోదరులారా, మనము కాలనీ గేటు వద్ద "రోడ్డెప్పుడు బాగుచేయుదురు?" అని విసుగుకొనువారము. కాని మనము ఫైళ్ళు వ్రాయువారము కూడ. నియామక నియమములు, టెండరు షరతులు, శిక్షణ పథకములు మన బల్లలమీదుగానే పోవుచున్నవి. అందుచే మీకు మూడు ప్రశ్నలు అప్పగించుచున్నాను. అవశ్య యోగ్యత అను గడి ఖాళీగా మీ ముందుకు వచ్చినప్పుడు, కలము పెట్టుటకు ముందు వీనిని అడిగికొనుడు. ఈ యోగ్యత ఆ పనికి నిజముగా కావలెనా? ఇదివరకే ఆ పని చక్కగా చేయుచున్నవారిలో ఎవరు దీనివలన బయట నిలిచిపోవుదురు? ఈ యోగ్యతను వారు ఎక్కడ, ఏ భాషలో సంపాదింతురు. ఆ దినపు కూలి వారికి ఎవరిత్తురు? రెండు నిమిషముల పని పది నిమిషములగును. నష్టము లేదు.

మన సంఘమునకు ఒక విన్నపము. నెలకొక ఆదివారము మన హాలు ఉదయము ఖాళీగా నుండును. ఈ నగరమునకు పనికై వచ్చిన తెలుగు కూలీలను, మేస్త్రీలను పిలిచి రెండు గంటలు కూర్చుండబెట్టుదము. మనలో ఇంజనీర్లు కలరు. వారు హెచ్చరిక గుర్తులను, తాడు కట్టుటను, జెండా చూపుటను తెలుగులో చెప్పుదురు. నావంటి ఆర్ట్సు పట్టభద్రులము దరఖాస్తులు నింపుదము. మాకు చేతనైన విద్య అదే గదా! మహిళా విభాగమువారు పిల్లలను చూచుకొందురని నా ఆశ. రూర్కీలో 1847లో దేశభాషలో నేర్పవలెనని తోచినవారు పరాయివారు. మనవారికి మన భాషలో చెప్పుటకు మనకు సంకోచమెందుకు?

వచ్చినవారు మనకు గూడ కొంత నేర్పుదురు. ఏ మట్టికి ఎంత నీరు కావలెనో, రాయి ఎప్పుడు నిలుచునో వారే చెప్పుదురు. దానిని మనము వ్రాసి పెట్టుదము. ఎప్పుడైనను పాలమూరునుండి ఒక ముసలి రోలరు డ్రైవరు ఆ వాకిటికి వచ్చినచో, అతనికి మొదటి వరుసలో కుర్చీ వేయుడు; నాకు కబురు పెట్టుడు. అతనికి నేను ఒక జవాబు బాకీ యున్నాను.